అత్తగారి ఇంగ్లీషు పాఠం

పొద్దున్నే చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న చౌడేశ్వరి పని ఆపి చప్పట్లు కొట్టింది. "సస్... టెయి... న... బి... లి... టీ! వచ్చిందా అమ్మాయీ?"

"ముక్కలు బాగానే విడగొట్టారు అత్తయ్యా, ఒత్తే తప్పు చోట పడింది," అంది కోడలు సింధూరి. "ఉత్త సస్టెయిన్ అన్నప్పుడు 'టెయిన్' మీద బరువు. తోక తగిలించి సస్టెయినబిలిటీ అంటే బరువు 'బి' మీదికి జరుగుతుంది."

"తోక తగిలిస్తే ఒత్తు ఊరేగుతుందా! ఇదేం భాషే తల్లీ!"

పటమటలో ఇంట్లోనే చేనేత చీరలమ్ముకునే ఆవిడకి ఇంగ్లీషెందుకంటే, ఆదివారం చీరల ప్రదర్శనలో ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడమన్నారు మరి. జన్మలో మొదటిసారి మైకు! ఆన్‌లైన్‌లో ఇంగ్లీషు చెప్పే కోడలుండగా భయమేమిటని ఒప్పేసుకుంది.

ఇంతలో చీరల కోసం హెలెన్ వచ్చింది. వస్తూనే నవ్వు.

"చౌడేశ్వరి గారూ, మా పాప క్లాసులో మీ గొంతు విన్నామండీ! 'తప్పెక్కడో కనిపెట్టండి' అని పెట్టారుగా మీ కోడలు గారు? ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వామంటే నమ్మండి!"

సింధూరి ముఖంలో నెత్తురుచుక్క లేదు. మొన్న పాఠం చెబుతూ రికార్డు చేసిన మాట నిజమే. పేరు చెప్పలేదు కదా అనుకుంది, తెలివి తెల్లారినట్టే ఉంది! పటమటలో ఆ గొంతు ఎరగని ఆడవాళ్ళెవరు?

చౌడేశ్వరి చీరలు చూపించింది, మర్యాదగా సాగనంపింది. ఆ తర్వాత ఫోనందుకుని ప్రదర్శన వాళ్ళతో, "ఆదివారం నేను రానండీ, ఇంకెవరితోనైనా చెప్పించుకోండి," అని పెట్టేసింది.

"అయ్యో అత్తయ్యా! ఇప్పుడే తీసేస్తాను. పిల్లలకి ఉదాహరణగా ఉంటుందని..."

"ఉదాహరణా? నేనా?" ఆవిడ విప్పిన చీరలు మడతపెట్టసాగింది. "ఊరు నవ్వితే నవ్వనీ సింధూ. తప్పొచ్చినా ఫరవాలేదని నోరు తెరిచింది నీ ఒక్కదాని దగ్గరే. ఇహ ఎక్కడ తెరవను?"

సింధూరికి తల కొట్టేసినట్టయింది. సిగ్గుతో కుంచించుకుపోతూ, అక్కడే నిలబడి ఫోన్‌లో క్లాసు పిల్లలందరికీ మాట పంపింది. "ఆ గొంతు మా అత్తగారిది. అడక్కుండా మీ ముందు పెట్టి ఆవిడ పరువు తీశాను. మీ అందరి ఎదుటా ఆవిణ్ణి క్షమాపణ అడుగుతున్నాను." అంతే, వెక్కి వెక్కి ఏడ్చింది.

చౌడేశ్వరి దగ్గరికి వచ్చింది. కొంగుతో కోడలి కళ్ళు తుడిచింది.

"ఊరుకో. ముందా ఫోనిటివ్వు, ఆదివారం వస్తున్నానని చెప్పనీ. ఆనక దాన్ని అవతల గదిలో పడేసి, తలుపేసి రా. నా తప్పులు ఇంకా బోలెడున్నాయి. నీకు తప్ప ఎవరికీ వినిపించను."