అట్లాసులో మచ్చలేని పేజీ

“ఆమె ఒంటి మీద చెయ్యి పడకూడదు. ఇది ఆర్డర్,” అన్నాడు చీఫ్.

ఎదురుగా నిలబడ్డది కత్తెర. గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో అతని మారుపేరు అది. నెల కిందట ఆర్కైవ్స్ భవనం తగలబడింది. సరిహద్దులు చూపే పాత అట్లాసు బూడిదైంది. దాన్ని బయటికి తేబోయిన కత్తెర అక్క మంటల్లోనే ఉండిపోయింది.

నిప్పు పెట్టించింది హిస్టరీ మేడమ్. ముత్యాల కమ్మలు, మత్తెక్కించే గొంతు. చరిత్ర పాఠాల వెబ్‌సైట్ ఆమె చేతిలోనే ఉంది కాబట్టి ఆ ముఖం తెలియని బడిపిల్ల లేదు. ఇన్నాళ్లూ డిపార్ట్‌మెంట్‌కి రహస్యాలు చేరవేస్తూనే, అంతకు రెట్టింపు ‘నల్లసిరా’ అనే విదేశీ ముఠాకి అమ్ముకుంది.

చీఫ్ క్లుప్తంగా విషయం చెప్పాడు. అట్లాసు స్కాన్ ఇప్పుడు ఆ సైట్‌లో మాత్రమే ఉంది. ఈ మధ్యాహ్నం లైవ్ క్లాసులో మేడమ్ దాన్ని పేజీ పేజీ తిప్పి చూపిస్తుంది. బడులతోపాటు అంతర్జాతీయ న్యాయమూర్తులూ చూస్తారు. వాళ్లు సరేనంటే అసలైనదేనని స్కాన్‌కి డిజిటల్ సీల్ పడుతుంది. రేవుపట్నం ఏ దేశానిదో దాంతో తేలిపోతుంది. నల్లసిరా అందులో ఒక కాగితం మార్చేసిందని సమాచారం. రుజువు మాత్రం లేదు.

“ఆమె చస్తే సాక్షిని మనమే చంపామంటారు. పట్నం పోతుంది.”

“మా అక్క సంగతి?”

“తర్వాత.”

కత్తెర తలూపాడు. విషపు సూది ఉన్న పెన్ను జేబులో వేసుకునే బయల్దేరాడు.

నెరిసిన విగ్గు, వంగిన నడుము, చంకలో గుడ్డసంచి. రిటైర్మెంట్ దగ్గరపడ్డ మాస్టారిలా స్టూడియో ముందు వరసలో కూర్చున్నాడు. కాలర్ కింద మైకు. అతను “బెల్” అంటే చాలు, బయట ఉన్న కమాండోలు లోపలికి వస్తారు.

మేడమ్ తన టేబుల్ వైపు వెళ్తూ అతని పక్కన ఆగి, వంగింది. సెంటు వాసన గుప్పుమంది.

“విగ్గు భలే కుదిరింది, తమ్ముడూ,” అంది చెవిలో. “మీ అక్కా నీలాగే మొండి. వదిలేసి పొమ్మన్నా పోలేదు. నా టేబుల్ కింద పిస్టల్ ఉంది. బుద్ధిగా పాఠం విను.”

కత్తెర వేళ్లు పెన్ను మీద బిగుసుకున్నాయి. చెయ్యి చాస్తే ఆమె మెడ. ఒక్క పోటు చాలు.

అంతలో ఆమె వెళ్లి కూర్చుంది. లైవ్ లైటు వెలిగింది.

పెద్ద స్క్రీన్ మీద పేజీలు తిరుగుతున్నాయి. కత్తెర కళ్లజోడులో జూమ్ లెన్స్ ఉంది. పేజీ మూలన పురుగు తొలిచిన చిన్న కన్నం కనిపించింది. తర్వాతి కాగితంలోనూ అదే చోట. ఆ తర్వాత దానిలోనూ అంతే. అక్కకి భోజనాల దగ్గర కూడా ఈ పురుగుల గోలే. పుస్తకంలో దూరిన పురుగు మధ్యలో కాగితం వదిలి దూకదనీ, తొలుచుకుంటూనే పోతుందనీ చెప్పేది.

రేవుపట్నం పేజీ వచ్చింది. కన్నం లేదు. తర్వాతి పేజీలో మళ్లీ ఉంది. నకిలీ చేసినవాడు మచ్చ కూడా లేకుండా ముచ్చటగా చేసిపెట్టాడు.

కత్తెర పెన్ను వదిలేశాడు.

అట్లాసు అయిపోయింది. సీల్ వేయమన్నాడు స్క్రీన్ మీది పెద్ద న్యాయమూర్తి. మేడమ్ వేలు బటన్ మీదికి వెళ్తుండగా కత్తెర చెయ్యెత్తి, లేచి నిలబడ్డాడు.

“చిన్న డౌటండీ మేడమ్. పురుగు అన్ని కాగితాలూ తిని, రేవుపట్నాన్ని మాత్రం ఎందుకు వదిలేసిందండీ?”

మేడమ్ వేలు గాల్లోనే ఆగింది. బడుల నుంచి కామెంట్లు వరదలా వచ్చిపడ్డాయి. కన్నం ఏది మేడమ్, ఒక పేజీ వెనక్కి తిప్పండి మేడమ్. న్యాయమూర్తి కళ్లజోడు సవరించుకుని, సైట్‌లో స్కాన్ తెరిచి తనే పేజీలు తిప్పుకున్నాడు. సీల్ ఆపమన్నాడు.

ఆ కోపంలో మేడమ్ కెమెరా సంగతే మరిచింది. టేబుల్ కిందనుంచి పిస్టల్ పైకొచ్చింది.

“బెల్,” అన్నాడు కత్తెర. తూటా విగ్గు ఎగరగొట్టింది. రెండో తూటా పేలేలోపే కమాండోలు ఆమె చేతులు విరిచికట్టారు.

“చంపెయ్,” అంది మేడమ్. “నల్లసిరా నన్ను ఎలాగూ వదలదు.”

“వాళ్ల చేతికి దొరకనివ్వను. నువ్వు నిండు నూరేళ్లూ బతకాలి,” అన్నాడు కత్తెర నింపాదిగా. “ఈ క్లాసు సైట్‌లోనే ఉంటుంది. దొంగ కాగితాన్ని ఎలా పట్టుకోవాలో ఏటా పిల్లలు నీ ముఖం చూస్తూ నేర్చుకుంటారు. ఆ పాఠానికి మా అక్క పేరు పెట్టిస్తాను.”

అప్పుడు మొదటిసారి ఆమె ముఖం పాలిపోయింది.

బయటికి రాగానే చీఫ్ ఫోన్. అసలు ఏం చేశావయ్యా అని అడిగాడు.

“డౌట్ అడిగాను సార్,” అన్నాడు కత్తెర. “హిస్టరీ క్లాసులో చివరిదాకా మెలకువగా ఉండటం నాకు ఇదే మొదటిసారి.”