మొహం లేని బొమ్మలు

“మీ హీరో నిలబడ్డాడా, ఎవరైనా పాతేశారా?”

లీడ్ ఆర్టిస్టు ఆ మాట అనేసరికి కామిక్స్ స్టూడియో అంతా గొల్లుమంది. కొత్తగా చేరిన అమ్మాయికి చెవులు వేడెక్కాయి. ఆమె బొమ్మలన్నీ నిటారుగా ఉంటాయని అప్పటికే “స్కేలు” అని పేరు పెట్టాడు. ఇప్పుడిదొకటి.

“మొహం చూడండి సార్, ఎంత కోపంగా ఉన్నాడో.”

అతను ఆ మొహాన్ని బొటనవేలితో మూసేశాడు. “ఇప్పుడు చెప్పండి, కోపమా, నిద్రా? మనిషి స్వభావం భుజాల్లో, నడుములో, పాదాల్లో ఉంటుందండీ. శుక్రవారంలోగా ఈ ఆఫీసువాళ్ళని మొహాల్లేకుండా గీయండి. అందరూ గుర్తుపడితే కొత్త పుస్తకంలో హీరో బొమ్మ గీసే పని మీకే. లేకపోతే రంగులు వేసే సెక్షన్‌కి వెళ్దురుగాని.”

“గుర్తుపడతారు,” అంది స్కేలు. అనేశాక, తొందరపడ్డానా అనుకుంది. కానీ మాట వెనక్కి తీసుకునే రకం కాదామె. మనుషుల బొమ్మలు గీస్తానని ఇంట్లో అంత పోట్లాడి వచ్చింది ఆకాశాలకీ గోడలకీ రంగులు పూయడానికా?

ఆ వారమంతా కిటికీ పక్కనున్న తన కుర్చీలోంచి అందర్నీ గీసింది. చింపింది, మళ్ళీ గీసింది. లీడ్ ఆర్టిస్టుని చూస్తే ఒళ్ళు మండేది. చూడకపోతే ఏమీ తోచేది కాదు. ఇదెక్కడి గోల అనుకుంటూ పెన్సిల్ చెక్కుకునేది.

శుక్రవారం బయట వాన, లోపల గోడ మీద బొమ్మలు.

“ఇది మన మేనేజరే. కుర్చీ ఎవరో లాక్కుపోతారన్నట్టు అంచున కూర్చోవడం ఇంకెవరికి చేతనవుతుంది?” అన్నారెవరో. మేనేజరు గభాలున వెనక్కి జరిగి కూర్చున్నాడు. మిగతావాళ్ళనీ ఇట్టే పట్టేశారు. చివరి బొమ్మలో ఒకతను జేబుల్లో చేతులు పెట్టుకుని బల్లకి ఆనుకున్నాడు.

“లీడ్ గారు,” అంది రంగుల సెక్షన్ అక్క. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. “తల అటుంది, మాట్లాడేదీ అటే. మరి భుజాలూ పాదాలూ ఇటు, నీ కుర్చీ వైపు తిప్పుకున్నారేంటి?”

“నా కుర్చీలోంచి గీశాను కదక్కా, అందుకే ఇటు కనిపిస్తున్నారు.”

“మేనేజర్నీ అక్కడినుంచే గీశావు. ఆయన వీపే కనిపిస్తోంది మరి.”

లీడ్ ఆర్టిస్టు గొంతు సవరించుకున్నాడు. “చూసి గీయడంలో ఎక్కడో పొరపాటు…”

స్కేలు లేచి నిలబడింది. “తప్పైతే ఇప్పుడే రంగుల సెక్షన్‌కి పోతాను సార్. ఒప్పైతే అందరి ముందూ ఒప్పని చెప్పండి.”

అతను వాన వైపు చూశాడు, నేల వైపు చూశాడు. తప్పించుకునే దారి దొరకలేదు.

“బొమ్మ ఒప్పే,” అన్నాడు మెల్లగా. “నోటిని అదుపులో పెట్టుకున్నాను గానీ, ఒళ్ళు మాట వినలేదు. మీరు చేరిన రోజు నుంచీ ఇంతే. మీరంటే నాకిష్టం.”

“అయితే ముందు హీరో బొమ్మ నాకిచ్చినట్టు చెప్పండి. మీ సంగతి తర్వాత.”

“ఇచ్చాను.”

“మీరంటే నాకూ ఇష్టమే,” అంది ఆమె, అందరికీ వినపడేలా. “ఎవరడిగినా ఇదే చెప్తాను, ఇంట్లో కూడా.”