తుంచని కొన

పద్నాలుగో మడి దాకా వచ్చేసరికి రెడ్డెమ్మ చెయ్యి ఆగింది. పని ఎక్కినప్పటి నుంచి ఎనిమిది వందల చామంతి కొనలు తుంచి తడిపెట్టెల్లో సర్దిన చెయ్యి అది. ఇప్పుడు ఒక్క మొక్కను మాత్రం తుంచకుండా ఆకులు పక్కకు తప్పిస్తోంది.

మొక్కలు పెంచే ఈ చావడిలో పొద్దు గుంకదు. పైకప్పంతా దీపాలే. చామంతికి రోజూ పదమూడు గంటల చీకటి తగిలితే చాలు, మొగ్గ తొడుగుతుంది. మొగ్గ తొడిగిన మొక్క కొన నాటుకు పనికిరాదు. అందుకే పగటికాపరి యంత్రం నలభై చావళ్ళలోనూ నిండుపగలు కాయిస్తుంది. కొనలన్నీ ఆకాశంలోని పై ఊళ్ళకు పోతాయి. పూసేదీ, జడల్లో తురుముకునేదీ అక్కడే. పద్దెనిమిదేళ్ళుగా చామంతి పెంచుతున్న రెడ్డెమ్మ చామంతి పువ్వును చూసిన పాపాన పోలేదు. ఎంత చోద్యమో చూడండి!

అయితే చావడివాళ్ళకు ఒక ఆనవాయితీ ఉంది. పనిలో చేరిన రోజున ప్రతివాళ్ళూ ఒక మొక్క కొన తుంచకుండా వదిలేస్తారు. ఆ మొక్క ఇక వాళ్ళ పేరునే పెరుగుతుంది. పద్నాలుగో మడిలోది రెడ్డెమ్మ అక్క గంగులమ్మ వదిలింది. నాలుగేళ్ళ కిందట పోయేముందు అక్క చెయ్యి పట్టుకుని, "నాది ఏ రంగు పూస్తాదో నువ్వన్నా చూడు మే" అంది. ఆ మాట రెడ్డెమ్మను ఒక్కనాడూ కుదురుగా ఉండనివ్వలేదు.

పని పదకొండు గంటలు. రెండు నెలలుగా పని దిగేటప్పుడు ఆ మొక్క మీద నల్లగుడ్డ కప్పి, ఎక్కగానే తీసేస్తోంది. కాపరికి మొక్కలు తప్ప గుడ్డలూ గోనెలూ పట్టవు.

ఈరోజు గుడ్డ తీసినప్పుడు ఇంకా మొగ్గే. ఇప్పుడు విచ్చుకుంది. పసుపు. కళ్ళు తిప్పుకోనివ్వని పసుపు.

"ఓసి నా తల్లీ!" అంది రెడ్డెమ్మ. అంతలోనే మడి మీద వేలాడే కాపరి కన్ను కిందికి వంగింది.

"పద్నాలుగో మడి. తెలియని భాగం. ఇది ఏమిటి?"

 పువ్వే లేని చావళ్ళలో చదువు నేర్చిన కాపరికి పువ్వంటే ఎలా ఉంటుందో తెలియదు. తెలియనిది ఏమిటో మనుషులే చెప్పాలి, అదీ ఇద్దరు చెప్పాలి. పువ్వని చెబితే మొగ్గదోషం కింద లెక్క. మడినంతా కాల్చేస్తారు, రెడ్డెమ్మను పనిలోంచి తీసేస్తారు.

కాపరి గొంతు విని మేస్త్రీ మస్తానయ్య పరుగున వచ్చాడు. పువ్వునూ, పక్కన మడిచిపెట్టిన నల్లగుడ్డనూ చూసి నోరు వెళ్ళబెట్టాడు.

"ఏం పని మే ఇది? నీ కొంప ముంచుకునేది గాక నా కొంప గూడా ముంచుతాండావే!"

"అక్కది అన్నా. చూడాలని శానా ఆశపడింది..." అంది రెడ్డెమ్మ.

"ఇది ఏమిటి?" కాపరి మళ్ళీ అడిగింది.

"ఆకు," అంది రెడ్డెమ్మ.

"పసుపు ఆకు తెగులుకు గుర్తు. కాల్చాలా?"

"వద్దొద్దు! బాగుండే ఆకే అది. దాని రంగే అంత."

"రెండో సాక్షి చెప్పాలి."

మస్తానయ్య చెమట తుడుచుకున్నాడు. దీపాల వైపు చూశాడు, పువ్వు వైపు చూశాడు. ఎంతసేపు చూశాడో!

"ఆకే," అన్నాడు చివరికి.

"నేర్చుకున్నాను. ఈ పసుపు ఆకు ఆరోగ్యకరం. నలభై చావళ్ళకూ పంపాను."

కన్ను పైకి లేచి పక్క మడికి జరిగిపోయింది. ఇక ఏ చావడిలో పసుపు చామంతి విచ్చినా కాపరి దాన్ని ఆకనుకుని పోతుంది. చేసిన పని ఎంతదో అప్పుడు తెలిసొచ్చి రెడ్డెమ్మకు భయమేసింది. దాని వెనకాలే పట్టలేని సంతోషమూ వచ్చింది.

మస్తానయ్య కదల్లేదు. మూడో మడి చివర, ఇరవై ఆరేళ్ళ కిందట తాను తుంచకుండా వదిలిన మొక్క వైపు చూస్తున్నాడు.

"మేయ్," అన్నాడు మెల్లగా, "ఆ నల్లగుడ్డ ఇంకో మూరెడు ఉండాదా?"