కుప్పం నుంచి ఎనభై ఎనిమిది

“కొత్త వెర్షన్ మంచిదో చెడ్డదో కుప్పం పోయి తేల్చప్పా. నువ్వు ఓకే అనేదాకా నేను ఆ ఇన్‌స్టాల్ బటన్ ముట్టను.”

మదనపల్లెలో తన మేడగదిలో కూర్చుని చీఫ్ రామమూర్తి ఇచ్చిన బ్రీఫింగ్ అంతే. వ్యవహారం మాత్రం చిన్నది కాదు. తుఫానుకు ఫోన్లు చచ్చినప్పుడు సరిహద్దు పల్లెల కబుర్లు మోసేది హ్యామ్ రేడియోలే. రేడియో కూతను కంప్యూటర్లో అక్షరాలుగా మార్చే డిజిటల్ మోడెం సాఫ్ట్‌వేర్‌కి కుప్పం పోస్టు ద్వారా కొత్త అప్‌డేట్ వచ్చింది. అందులో ఒక విదేశీ ముఠా విషం కలిపిందని అనుమానం. చీఫ్ మెషిన్‌లో అది ఎక్కిందా, అక్కణ్నుంచి స్టేషన్లన్నిటికీ దానంతటదే పాకుతుంది. ఆపైన ముఠా నోరు మూయమన్నప్పుడల్లా రేడియోలన్నీ మూగబోతాయి.

ఏజెంట్ చేతన్ పుంగనూరు బస్టాండులో ఆవుల బ్రోకర్ వేషంలో దిగాడు. భుజాన తుండు, మణికట్టుకి ట్రాన్స్‌మిటర్ వాచీ. ఆ వాచీ అంటే డిపార్ట్‌మెంట్‌కి మహా గర్వం. నల్లకారొకటి పక్కన ఆగి అద్దం దిగింది.

“పుంగనూరు ఆవు దొరుకుతుందా?”

“పొట్టిదా, పొడుగుదా?” అడిగాడు చేతన్.

“పొడుగుది.”

పుంగనూరు ఆవుల్లో పొడుగుది ఉండదు. అంటే మన మనిషే. కారులో ఉన్నది కుప్పం పోస్టు ఇన్‌చార్జి ఉష. ఆమె నవ్వితే డిపార్ట్‌మెంట్‌లో సగం మంది చేతిలో ఫైలు సంగతి మరిచిపోతారు. చేతన్ మాత్రం ఏం తక్కువ తిన్నాడు, కుప్పం దాకా దారి చూస్తే ఒట్టు.

కుప్పం పోస్టు ఒక గ్రానైట్ షెడ్డు. నాలుగు వైపులా నిలబెట్టిన రాతి పలకలు, మధ్యలో రేడియో, కంప్యూటర్. చేతన్ అప్‌డేట్ ఫైలు తెరిచి పరీక్షించాడు. తయారుచేసినవాళ్లు ప్రతి వెర్షన్‌కీ పెట్టే డిజిటల్ సంతకం ఇందులో తేడాగా ఉంది. అనుమానం నిజమే. ఆ మాట చెప్పబోయి వెనక్కి తిరిగితే ఉష చేతిలో పిస్తోలుంది. ఇనుప షట్టర్ దిగిపోయి ఉంది. అతని ఫోను ఆమె హ్యాండ్‌బ్యాగులో ఉంది.

గుట్టుగా వాచీ బటన్ నొక్కాడు. ‘అప్‌డేట్ జరుగుతోంది, దయచేసి ఆపవద్దు’ అంది వాచీ. ఛీ, ఇప్పుడే రావాలా దీనికి!

ఉష తీరిగ్గా విషయం చెప్పింది. ముఠా కోసం పనిచేస్తున్నది తనే. చీఫ్‌కి ‘ఓకే’ చెప్పే కోడ్ తెలిసినా తను పంపితే చెల్లదు, ఎందుకంటే ఈ మోడెంలో కొట్టిన అక్షరం కొట్టినట్టే అవతలి స్క్రీన్ మీద పడుతుంది. చేతన్ రెండు వేళ్లతో తడుముకుంటూ కొట్టే తీరు చీఫ్‌కి కొట్టినపిండి.

“వేళ్లు నీవి, మాటలు నావి. ‘ఎర్రావు ఈనింది’ అని కొట్టు. తప్పు కొట్టినావంటే అదే నీ ఆఖరి అక్షరం.”

ఇన్‌స్టాల్ పూర్తయ్యాక ఈ వేళ్లతో ఆమెకి పని లేదని చేతన్‌కి తెలుసు. చెమట కంట్లోకి కారుతుంటే కొట్టాడు. ఎర్రావు ఈనింది. చివర 88.

పిస్తోలు మెడకి తగిలింది. “కడాన పెట్టేది 73 గదా? ఇదేంది?”

“73 సమానులకి పెడతారమ్మా. చీఫ్ పెద్దాయన గదా, అంకె పెంచాల.”

ఉష కంప్యూటర్లు చదివింది గాని హ్యామ్ లైసెన్సు తీసుకోలేదు. మర్యాద పెరిగితే అంకె పెరగడం ఆమెకి న్యాయంగానే తోచింది. కాసేపటికి మదనపల్లె నుంచి జవాబొచ్చింది. ‘సంతోషం. ఇన్‌స్టాల్ మొదలుపెట్టా. 10 శాతం.’

చేతన్ స్క్రీన్ మీదికి వంగి చూశాడు. ముసలాయన గమనించలేదు! 40 అన్నాడు. 70 అన్నాడు. రాతి పలకలు నాలుగు పక్కలా మీదికి ఒరుగుతున్నట్టనిపించింది. చావంటే భయం వేసింది. తన చేతులతోనే ఇన్ని పల్లెల గొంతు నొక్కానన్న బాధ అంతకన్నా ఎక్కువగా కోసింది. 99 దగ్గర అంకె ఆగిపోయింది.

“యాల ఆగింది?” అంది ఉష.

“యాడైనా అంతే గదమ్మా. 99 కాడ ఆగుతాది.”

అది ఆమెకీ అనుభవమే. విసుక్కుంటూ స్టూలు మీద కూర్చుంది. చాలాసేపటికి స్క్రీన్ మీద 100 పడింది. ఉష పిస్తోలెత్తింది. అదే క్షణంలో షట్టర్ కూడా లేచింది. పది మంది పోలీసులు ఒక్కుమ్మడిగా లోపలికి దూకారు.

మదనపల్లెలో ఒక్క శాతం కూడా ఇన్‌స్టాల్ కాలేదు. ఆ అంకెలన్నీ పోలీసులు కుప్పం షెడ్డు చేరేదాకా రామమూర్తి చేత్తో కొట్టినవే. హ్యామ్ భాషలో 73 అంటే నమస్కారం. 88 అంటే ప్రేమతో ముద్దులు. చేతన్ తనకి ముద్దులు పంపాడంటే మెడ మీద కత్తైనా ఉండాలి, తుపాకైనా ఉండాలి అని ఆయన లెక్క కట్టాడు.

వారం తర్వాత చీఫ్ ఫోన్ చేశాడు. గొంతు బాగా నీరసంగా ఉంది.

“ఇంకోసారి వేరే అంకె సూసుకో నాయనా. పోలీసులకి ఫోన్ చేసేదానికి నేను బయటికి పోతే, మా ఇంటామె ఈశ్వరమ్మ కాఫీ తెచ్చి స్క్రీన్ సూసినాది. ఆమెకీ లైసెన్సు ఉండాది. ఉష ఉండే కుప్పం నుంచి నాకు 88.”

“నిజం చెప్పేయండి సార్.”

“మిషన్ సీక్రెట్ గదప్పా, ఎట్ల చెప్పేది? ఆ పొద్దు నుంచీ ఆమె నాకు 73 తప్ప ఇంకేం చెప్పడం లేదు.”