యెగోర్ కొట్లో గురువారాలు

“అయితే ఈ ఫ్రిజ్‌లో నీ చేపైనా ఉండాలి, నేనైనా ఉండాలి,” అంది నెలీదా.

“నువ్వు ఫ్రిజ్‌లో ఎందుకుంటావమ్మా? జలుబు చేస్తుంది,” అన్నాడు దారియో, రొట్టెకి వెన్న రాసుకుంటూ.

“నీతో కాదు మాట్లాడేది, మీ అక్కతో.”

అక్క మరీసా అప్పుడే రాత్రి డ్యూటీ నుంచి వచ్చి, కుర్చీలో కూలబడి బూట్ల లేసులు విప్పుకుంటోంది. పురుళ్ళ ఆసుపత్రిలో మంత్రసాని ఆమె. తెల్లవార్లూ ఒకదాని వెనక ఒకటి కాన్పులే. ఈ చేప తగువు నిన్న సాయంత్రం మొదలైంది. తను లేనప్పుడు కూడా సాగిందని తండ్రి ఉగో ముఖం చూస్తేనే తెలుస్తోంది.

“అది ఒట్టి చేప కాదమ్మా. పైన బంగాళాదుంప, బీట్‌రూట్ పొరలున్నాయి. తిని చూడు.”

“తిన్నాను. దుప్పటి కప్పుకుని చచ్చిపోయిన చేపలా ఉంది.”

“దాని పేరూ ఇంచుమించు అదే. బొచ్చుకోటు తొడుక్కున్న చేప.”

“కిందటి వారం మాంసం జెల్లీ. అంతకుముందు రొట్టె పులియబెట్టిన నీళ్ళు. ఉన్న ఒక్క సెలవురోజూ ఇంటిపట్టున పడుకోకుండా ఆ రష్యావాడి కొట్టుకి పోతావు. అద్దంలో ముఖం చూసుకున్నావా? కళ్ళ కింద గుంతలు.”

“భాష నేర్చుకుంటున్నాను.”

“ముప్ఫై ఆరేళ్ళొచ్చాకా?”

“నెలీదా,” అన్నాడు ఉగో. ఆ ఇంట్లో ఆయన మాట్లాడేది అంతవరకే.

మరీసా లేసులు విప్పి బూట్లు పక్కన పెట్టింది. తల్లి కోపం చేప మీద కాదని ఆమెకి తెలుసు. తండ్రికి ఇంజెక్షన్ ఇవ్వాలన్నా, తల్లికి బీపీ చూడాలన్నా, దారియో చొక్కాకి గుండీ కుట్టాలన్నా ఆ ఇంట్లో ముందు పిలిచే పేరు మరీసాయే. ఆ పేరు పిలిస్తే పలకని రోజొకటి వస్తుందేమోనని తల్లి భయం. ఆ భయంతో వాదించే ఓపిక మరీసాకి లేదు. లేచి వెళ్ళి పడుకుంది.

నిజానికి భాష అవసరం ఆసుపత్రిలోనే మొదలైంది. తమ ఊరు బ్యూనస్ ఐరిస్‌కి పురుడు పోసుకోవడానికి వచ్చే రష్యా ఆడవాళ్ళు ఎక్కువయ్యారు. ఒక రాత్రి మరీసా ఫోన్‌లో వెతికి, నొప్పులు పడుతున్న ఒకామెతో గట్టిగా ముక్కమని రష్యన్‌లో చెప్పింది. ఆమె అంత నొప్పిలోనూ పకపకా నవ్వింది. అది షాపుల తలుపుల మీద నెట్టమని రాసే మాటట.

మర్నాడు మరీసా తిన్నగా రష్యా సరుకులమ్మే యెగోర్ కొట్టుకి వెళ్ళింది.

“ఏం కావాలండీ?” అన్నాడతను.

“కాన్పులో ముక్కమని మీ భాషలో ఎలా చెప్పాలి?”

అతను చేతిలోని దోసకాయ ఊరగాయ సీసా కింద పెట్టాడు. తర్వాత ఆమె కడుపు వైపు చూశాడు.

“నాకు కాదు!” అంది మరీసా.

“అమ్మయ్య! కుర్చీ వేయాలో, అంబులెన్స్ పిలవాలో తేల్చుకోలేక చచ్చాను.”

అలా మొదలైంది ఒప్పందం. గురువారం సాయంత్రం కౌంటర్ వెనక చిన్న బల్ల దగ్గర కాసేపు రష్యన్, కాసేపు స్పానిష్. మధ్యలో ఏదో ఒక వంటకం రుచి చూడాలి, రష్యన్‌లోనే బాగుందో లేదో చెప్పాలి. యెగోర్ ఒకప్పుడు రష్యాలోని పెర్మ్ ఊళ్ళో లిఫ్టులు బాగుచేసేవాడు. అతని స్పానిష్‌లో నిన్నా రేపూ ఒకటే.

“నేను రేపు మార్కెట్‌కి వెళ్ళాను,” అనేవాడు.

“ఏం కొన్నారు రేపు?”

“క్యాబేజీ. బాగుంటుంది నిన్న.”

వారమంతా నిలబడిన కాళ్ళు లాగుతున్నా మరీసా అక్కడ నవ్వేది. ఇంట్లో నవ్వడానికి ఓపిక చాలేది కాదు, ఇక్కడెలా చాలేదో ఆమెకే తెలియదు.

“భయపడకు, నేనిక్కడే ఉన్నాను,” అన్న మాట ఆమెకి అన్నిటికంటే అవసరం. యెగోర్ దాన్ని ప్రతి గురువారం చెప్పించేవాడు.

“తప్పు. మళ్ళీ చెప్పండి.”

“భయపడకు, నేనిక్కడే ఉన్నాను.”

“ఊహూఁ. నా కళ్ళలోకి చూసి చెప్పండి. రోగి కళ్ళలోకి చూడరా మీరు?”

ఇంత జరిగినా, మరీసాకి ఒకటే దిగులు. ఆమె ఫ్లాస్కులో వేడినీళ్ళు, సొరబుర్రలో టీలా తాగే మాతే ఆకు వెంట తెచ్చుకునేది. అక్కడ అందరూ ఒకే బుర్ర నుంచి, ఒకే గొట్టంతో వంతులవారీగా తాగుతారు. ఆమె మొదటిసారి పోసిచ్చినప్పుడు యెగోర్ చేదుకి కళ్ళు మూసుకుని, మొత్తం తాగి, బుర్ర తిరిగిచ్చి “గ్రాసియాస్” అని స్పానిష్‌లో కృతజ్ఞతలు చెప్పాడు.

మరీసా ఇక పోయలేదు. ఆ ఊళ్ళో మాతే తిరిగిస్తూ గ్రాసియాస్ అన్నవాడికి ఇక చాలని అర్థం. చాలన్నవాణ్ణి బలవంతపెట్టడం మర్యాద కాదు. తర్వాతి గురువారాలూ అంతే. ఒక్కటి తాగడం, గ్రాసియాస్ అనడం. మిగతాదంతా ఆమె ఒక్కతే తాగేది. తను నోరు పెట్టిన గొట్టమని వెనకాడుతున్నాడేమో అనుకుంది. మొహమాటానికి ఒక్కటి తాగేవాడితో భవిష్యత్తు గురించి ఏం కలగంటాం?

ఆగస్టులో, అక్కడి చలికాలంలో, ఒక గురువారం ముసురు పట్టింది. తడిసిన గొడుగుతో మరీసా లోపలికి రాగానే, ఎప్పుడూ సరుకులకొచ్చే రష్యా ఆవిడ జినయీదా పెత్రోవ్నా గోధుమరవ్వ ఎంచుకుంటూ అంది. “ఇవాళ కడుపునిండా తినమ్మాయీ. యెగోర్ మెండోసా ఊరికి వెళ్ళిపోతున్నాడు. అక్కడ స్నేహితుడికి లిఫ్టుల పని ఉందట.”

మరీసా గొడుగు ముడవడం మర్చిపోయింది. నీళ్ళు నేల మీద కారుతున్నాయి.

“నిజమేనా?” అంది బల్ల దగ్గర కూర్చుని.

“నిజమే. ఇక్కడ ఉండమని ఎవరైనా అంటే కదా,” అన్నాడు యెగోర్, తల దించుకుని రొట్టె కోస్తూ.

మరీసా చేతులు అలవాటుగా మాతే కలిపి అతనికి ఇచ్చాయి. అతను తాగాడు. బుర్ర తిరిగిచ్చాడు.

“గ్రాసియాస్.”

ఆమెలో ఎక్కడో ఉన్న చివరి ఓపిక కూడా తెగిపోయింది.

“చాలా? ఇవాళ కూడా ఒక్కటికే చాలా? వెళ్ళిపోయే ముందైనా ఇంకొకటి తాగలేరా? నా ఎంగిలి మీకంత అసహ్యమా?”

యెగోర్ కత్తి పక్కన పెట్టాడు. “చాలని ఎవరన్నారు? మీరే కదా నాకు ఒక్కటి పోసి ఆపేస్తారు! అతిథికి ఒక్కటే ఇవ్వడం ఇక్కడి పద్ధతి కాబోలు, నేనింకా అతిథినే కాబోలు అనుకున్నాను.”

“గ్రాసియాస్ అంటున్నారు కదా మీరు!”

“చేతికి ఏదైనా ఇస్తే అనొద్దా? మా అమ్మ అలాగే పెంచింది.”

“మాతేకి అనకూడదు! అంటే ఇక పోయొద్దని అర్థం!”

యెగోర్ బల్ల మీది బుర్ర వైపు చూశాడు.

“అంటే ఈ చలికాలమంతా నేను మిమ్మల్ని...”

“వద్దంటూనే ఉన్నారు.”

“నేనైతే ఎప్పుడో చెప్పేదాన్ని,” అంది జినయీదా రవ్వ సంచీల వెనకనుంచి. “నన్నెవరూ అడగలేదు మరి.”

యెగోర్ బుర్ర ఆమె ముందుకి జరిపాడు. మరీసా నీళ్ళు పోసింది. అతను తాగి, నోరు గట్టిగా మూసుకుని, తిరిగిచ్చాడు. ఆమె తాగింది, మళ్ళీ పోసింది. ఫ్లాస్కు ఖాళీ అయ్యేదాకా ఆ బల్ల దగ్గర ఎవరూ ఎవరికీ కృతజ్ఞతలు చెప్పలేదు.

“ఒకటి చెప్పాలి,” అన్నాడు చివరికి. “భయపడకు అన్న మాట మీకు మొదటిరోజే సరిగ్గా వచ్చింది. నేనే తప్పని అబద్ధమాడి మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాను.”

“దొంగ!” అంది మరీసా. ఆపైన గొంతు తగ్గించి, అతని భాషలోనే అంది. “వెళ్ళకు, యెగోర్. ఇక్కడే ఉండు.”

ఈసారి అతను తప్పులు పట్టలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో రవియోలీ గిన్నె చుట్టూ అందరూ భోజనానికి కూర్చున్నారు. నెలీదా చాలా కులాసాగా ఉంది.

“ఆ రష్యావాడు మెండోసా వెళ్ళిపోతున్నాడట కదా! రొట్టెల షాపులో చెప్పుకుంటున్నారు. పోనీలే, ఇక నీకు గురువారాలు ఖాళీ. మీ నాన్నని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు.”

“దారియో తీసుకెళ్తాడు,” అంది మరీసా.

“నేనా?” దారియో ఫోర్క్ గాల్లో ఆగింది.

“నువ్వే. ఇంజెక్షన్ ఎలా ఇవ్వాలో కూడా రాత్రికి నేర్పిస్తాను. కష్టమేం కాదు.”

నెలీదా కూతురి వైపు చూసింది. కళ్ళ కింద గుంతలు అలాగే ఉన్నాయి. ముఖం మాత్రం ఎందుకో తేలిగ్గా ఉంది.

“ఎందుకే ఇవన్నీ ఇప్పుడు?”

మరీసా తండ్రి పళ్ళెంలో చీజ్ తురిమి, చేతులు తుడుచుకుంది. తండ్రినీ, తమ్ముణ్ణీ, తల్లినీ వరసగా చూసింది. గొంతు పెంచలేదు.

“యెగోర్ మెండోసా వెళ్ళడం లేదమ్మా. నేనే వెళ్తున్నాను, అతని కొట్టు మీది గదిలోకి, వచ్చే నెలలో.”