మొదటి చెంచా

పొరుగూళ్ళో ముఠావాళ్ళు ఒక సాక్షిని చంపినరోజు అతని కాపలావాళ్ళంతా బాత్‌రూముల్లో పడి ఉన్నారు. తుపాకీకి అడ్డం వచ్చేవాడే లేకపోయాడు.

"ఆయుధం కడుపు వైరస్," అన్నాడు బెల్‌గ్రేడ్ గూఢచారి విభాగం చీఫ్ వెలిసావ్. "కంటికి ఆననంత చాలు. రోగి ముట్టుకున్న తలుపు గొళ్ళెం పట్టుకున్నా అంటుకుంటుంది. ఓ పూటో రోజో కిక్కురుమనదు. తర్వాత వాంతులు, విరేచనాలు. ఒంట్లో నీళ్ళన్నీ పోయి మనిషి లేవలేడు. చేతులకి రాసుకునే జెల్‌కి లొంగదు, సబ్బుతో రుద్ది కడగాల్సిందే. రేపు మన సాక్షిని కోర్టుకి తీసుకెళ్ళే గార్డులందరూ ఇవాళ మా ఇంట్లో సెయింట్ నికోలా పండక్కి వస్తున్నారు. గ్రదిమీర్, నీ కళ్ళు వాళ్ళ చుట్టూనే ఉండాలి."

కానీ పండగలో గ్రదిమీర్ కళ్ళు డూన్యా చుట్టూనే తిరిగాయి. శత్రు ముఠాలోంచి ఆమెని ఇటువైపు లాక్కొచ్చింది తను. ఇప్పుడు ఆమె నవ్వులన్నీ కుర్ర ఏజెంట్ ఓగ్న్యెన్‌కి. కడుపు మండదూ మరి?

బల్లమీద చక్కెర, అక్రోటు కలిపిన ఉడికించిన గోధుమల గిన్నె. పండగ ప్రసాదం, ఎవరూ వద్దనకూడదు. డూన్యా అందరూ చూసేలా చేతులకి జెల్ రాసుకుంది.

"చూశావా అన్నా, ఎంత శుభ్రమో," ఓగ్న్యెన్ గ్రదిమీర్‌కి కన్నుగీటాడు.

"నోర్ముయ్."

ఆమె పర్సులోంచి వెండి చెంచా తీసింది. "మా అమ్మమ్మది," అంటూ మొదటి చెంచా ఓగ్న్యెన్ నోట్లో పెట్టింది. గ్రదిమీర్‌కి ఒళ్ళంతా కారం రాసినట్టయింది. తనకెప్పుడైనా పెట్టిందా? కనీసం కాఫీ అయినా కలిపిచ్చిందా? ఆ చేతిమీంచి చూపు తిప్పుకోలేకపోయాడు.

అందుకే కనపడింది. ఎంగిలి చెంచా పక్కనున్న నీళ్ళ గ్లాసులో పడలేదు. తిరిగి గిన్నెలోకే వెళ్ళి గోధుమల్ని కలియబెట్టింది. ఇక్కడి షాబాట్స్ ఊళ్ళోనే పుట్టి పెరిగానంటుందే ఈవిడ. తిన్న చెంచా గ్లాసులో వెయ్యాలని అక్కడ చంటిపిల్లలకీ తెలుసు. అంటే షాబాట్స్ మొహమే చూడలేదన్నమాట. వైరస్ సరుకంతా ఆ చెంచాకే ఉంది.

అప్పటికే ఒక గార్డు చెంచా నోటిదాకా ఎత్తాడు. గ్రదిమీర్ ఆ చేతిని ఒక్క దెబ్బ కొట్టాడు.

"ఎవరూ తినకండి."

డూన్యా తలుపువైపు పరిగెత్తింది. అక్కడ చీఫ్ నిలబడి ఉన్నాడు, ఆమెకి వేసే బేడీలు చేత పట్టుకుని.

"ఎలా పట్టావు?" అడిగిందామె.

"డ్యూటీ," అన్నాడు గ్రదిమీర్, మొహం తిప్పుకుని.

మర్నాడు సాక్షి క్షేమంగా కోర్టుకి చేరాడు. ఓగ్న్యెన్ బకెట్ పక్కనే కూలబడి ఫోన్ చేశాడు. "చచ్చిపోతున్నా అన్నా. అదృష్టమంటే నీదే."

గ్రదిమీర్ ఫోన్ పెట్టేశాడు. పెట్టింది రోగమే, కాదనడు. కానీ ఆ పెట్టిందేదో డూన్యా తన చేత్తో వాడికే పెట్టింది కదా.