అరవై నాలుగు డిగ్రీలు

ఉమామహేశ్వరికి మొగుడు తిరుపతిరావు మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఇంట్లో పిల్లకి జ్వరం వస్తే ఎంత ఉందో ఆయనకు తెలియదు. పికప్ బండి గేరుబాక్సు ఎంత వేడిగా ఉందో మాత్రం రోజుకు రెండుసార్లు వాకబు చేస్తాడు.

దానికో కారణం ఉంది. మూడేళ్ళ కిందట మందస దారిలో గేరుబాక్సు ఆయిలు కారిపోయి బండి నడిరోడ్డు మీద చచ్చింది. ఆ దెబ్బకి తిరుపతిరావు మెకానిక్ రామూర్తి చేత గేరుబాక్సుకు సెన్సారు పెట్టించి, డాష్‌బోర్డు మీద మీటరు బిగించాడు. పక్కనే దారంతో కట్టిన నోటుబుక్కు. బండి చేరిన చోట ముల్లు ఎంత చూపిస్తే అంత రాయాలి. వంద దాటితే ఆపాలి.

ఆ రోజు సంగతి ఎవరైనా ఎత్తితే ఆయిలుది తప్పు, రోడ్డుది తప్పు అనేవాడు. పద్దెనిమిదేళ్ళ కాపురంలో "నా తప్పు" అన్న మాట ఆయన నోట ఆమె వినలేదు. ఆశ కూడా వదిలేసుకుంది.

2003 మే 13, మంగళవారం. సాయంత్రం 4.10.

టెక్కలి నుంచి ఫోను. పొద్దున్న తిరుపతిరావు పంపిన తొంభై టిన్నుల జీడిపప్పు మాయం.

మర్నాడు ఉదయం తొమ్మిదిన్నరకి టెక్కలి ఎస్సై మల్లేశ్వరరావు పలాసలో వాళ్ళ ఇంటి వరండాలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. వీధిలో జీపు. జీపులో గున్నయ్య. పదహారేళ్ళుగా టెక్కలిలో వాళ్ళ సరుకు షెడ్డుకు కాపలా ఉన్న మనిషి. తల వంచుకుని ఉన్నాడు.

"కేసు సింపులండీ," అన్నాడు ఎస్సై. "తొంభై టిన్నులూ మీరు దగ్గరుండి ఎక్కించారు. కరెక్టేనా?"

"నానే లెక్కెట్టాను. టార్పాలిన్ కూడా నానే కట్టాను," అన్నాడు తిరుపతిరావు. "పదింపావుకి బండి కదిలింది."

"తోలింది?"

"నేనండీ," అన్నాడు ధనుంజయ్. ఉమామహేశ్వరి తమ్ముడు. ఇస్త్రీ చొక్కా. "పదకొండు నలభైకి షెడ్డులో పెట్టేసి తాళం గున్నయ్యకిచ్చి, ఫ్రెండు పెళ్ళికి బస్సెక్కీసాను."

"దారి ముప్పావుగంట కదా?"

"కాశీబుగ్గ రైలు గేటు పడిపోయిందండి."

కాశీబుగ్గ గేటు పడిందంటే ఆ ఊళ్ళో నమ్మని మనిషి లేడు.

"నాలుగింటికి సరుకు కొన్న శ్రీకాకుళం షావుకారు తన లారీలోకి మార్చుకుందామని టార్పాలిన్ విప్పాడు. లోపల బోర్లించిన ఖాళీ తట్టలు. టిన్ను ఒక్కటి లేదు. షెడ్డు తాళం పగల్లేదు. తాళంచెవి ఒక్కటే, గున్నయ్య మొలతాడుకుంది." ఎస్సై కప్పు కింద పెట్టాడు. "నిండుగా వెళ్ళింది. నిండుగా తాళం పడింది. ఖాళీగా తెరుచుకుంది. కంప్లయింటు మీద సంతకం పెడితే మధ్యాహ్నం కోర్టుకి పంపేస్తాను."

తిరుపతిరావు పెన్ను మూత తీశాడు.

"ఒక్క నిమిషం," అంది ఉమామహేశ్వరి, వంటింటి గుమ్మంలోంచి.

ఆమె చేతిలో నోటుబుక్కు ఉంది. నిన్న సాయంత్రం టెక్కలి వెళ్ళి బండిని ఇంటికి తెచ్చాక, తొంభై టిన్నులు పోయిన గొడవలో కూడా ఆయన దాన్ని తెరిచి, "అరవై నాలుగు. నార్మలే," అని మూసేశాడు. ఆ మాట ఆమెకు రాత్రంతా మెతుకులో రాయిలా తగిలింది. పొద్దున్న పాలు కాగేలోగా పుస్తకమంతా చదివింది. చదివాక పాలు పొంగిపోయినా చూసుకోలేదు.

తల్లి పోయేనాటికి ధనుంజయ్‌కి ఆరేళ్ళు. పెంచింది ఆమే. నిరుడు మొగుడితో మూడు రోజులు మాటలు మానేసి, బండి తాళాలు తమ్ముడికి ఇప్పించింది కూడా ఆమే.

సంతకం పడనిస్తే గున్నయ్య జైలుకు పోతాడు. ఆపితే ఎవరు పోతారో ఆమెకు తెలుసు.

"ధనూ, నిన్న టెక్కలిలో ఇది నువ్వే రాశావా?"

"నానే అక్కా. బావ రూలు కదా."

"నిజంగా చూసే రాశావా?"

"సూసే రాసాను. దీనికి కూడా అబద్ధమెందుకే?"

"అరవై నాలుగు."

"నూరుకి లోపే కదా. ఏటయింది?"

"ఏమీ అవలేదు. దారిలో వాన గానీ పడిందేమో, చల్లబడిందని అడిగాను."

ధనుంజయ్ ఆ మాటని ఎగిరి పట్టుకున్నాడు. "అవునక్కా. హరిపురం దాటాక పెద్ద జల్లు."

ఉమామహేశ్వరి కళ్ళు ఒక్క క్షణం మూసుకుంది.

"హరిపురం మందస వైపు కదురా. టెక్కలికి ఆ దారి దేనికి?"

ధనుంజయ్ ఇస్త్రీ చొక్కా కాలరు సర్దుకున్నాడు.

"జల్లూ లేదు. నిన్న పొద్దుటి నుంచీ మేడ మీద వడియాలు ఎండబెట్టాను. ఒక్క చుక్క పడలేదు. బండి మీద దుమ్ము ఇంకా అలాగే ఉంది."

ఆమె పుస్తకం ఎస్సై ముందు తెరిచింది.

"లోడుతో టెక్కలి వెళ్ళిన రోజులు చూడండి. డెబ్బై తొమ్మిది. ఎనభై. డెబ్బై ఎనిమిది. జూలై ముసురులో కూడా డెబ్బై ఆరు. ఖాళీగా తిరిగొచ్చిన రోజులు చూడండి. అరవై ఐదు. అరవై మూడు. అరవై నాలుగు. బరువు లాగితే గేరుబాక్సు వేడెక్కుతుంది. లాగకపోతే ఎక్కదు. నేను బి.ఎస్సీ. పోపులో వేసేశానని ఈ ఇంట్లో అనుకుంటారు. ఇంకా కొంచెం మిగిలింది."

ఎస్సై వేలితో అంకెల వెంట పోయాడు.

"వంద దాటిందా లేదా అనే అందరూ చూస్తారు," అందామె. "నార్మల్‌గా ఉంటే చదివేవాడు లేడు. నిన్న మే నెల ఎండలో, తొంభై టిన్నులతో, ఖాళీ బండి వేడి. అంటే షెడ్డులోకి వచ్చినప్పటికే బండిలో టిన్నులు లేవు. గున్నయ్య తాళం వేసింది ఖాళీ తట్టలకి."

"గేరుబాక్సు కోర్టులో సాక్ష్యం చెప్తుందామ్మా?"

"అక్కర్లేదు. వీడు చెప్తాడు." ఆమె తమ్ముడి వైపు తిరిగింది. "నీ చిన్నప్పుడు చీపురుదెబ్బకి కూడా చెప్పేవాడివి కాదు. నా మొహం చూస్తే చెప్పేవాడివి. చూడు."

ధనుంజయ్ చూడలేదు. చెప్పులు చూసుకున్నాడు.

"హరిపురం దగ్గర కొబ్బరితోటలో ఉన్నాయి," అన్నాడు చివరికి. "ఎన్నాళ్ళే ఈ బావ బండి? సొంత బండి కొందామని..."

"గున్నయ్య జైలుకెళ్తాడని తెలీదా?"

"బావ ఆడి మీద కేసెట్టడనుకున్నాను. పదారేళ్ళ మనిషి కదా అని."

ఆ మాట తిరుపతిరావుకి ఎక్కడ తగిలిందో ఆమె చూసింది. ఆయన పెన్ను మూత వెతుక్కుంటున్నాడు. అది ఆయన చేతిలోనే ఉంది.

10.20కి ఎస్సై జీపు దగ్గరికి వెళ్ళి గున్నయ్యని దించాడు. ధనుంజయ్‌ని ఎక్కించాడు. ఎక్కుతూ వాడు "అక్కా" అన్నాడు. ఉమామహేశ్వరి వరండా స్తంభాన్ని పట్టుకుంది.

జీపు పోయింది. గున్నయ్య గేటు దగ్గరే నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"రారా గున్నయ్యా, కాఫీ తాగు," అన్నాడు తిరుపతిరావు.

గున్నయ్య మొలతాడుకున్న షెడ్డు తాళంచెవి విప్పి గేటు దిమ్మ మీద పెట్టాడు.

"బాబూ, నిన్న సాయంత్రం నుంచీ సెప్తన్నాను, నాను తియ్యనేదని. నమ్మనేదు. మీటరు సెప్తే నమ్మినావు. ఇకనించి మీటరునే కాపలా ఎట్టుకో."

తిరుపతిరావు నోరు తెరిచాడు. రోడ్డుది తప్పంటాడో, బావమరిదిది తప్పంటాడో అని ఉమామహేశ్వరి ఎదురుచూసింది.

ఆయన మెట్లు దిగాడు. చెప్పులు లేకుండానే, కాలే నాపరాళ్ళ మీద గేటు దాకా నడిచాడు. తాళంచెవి తీసి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"తప్పు నాది గున్నయ్యా," అన్నాడు, వీధిలోకి వినబడేట్టు. "మరెవరిదీ కాదు. నాది."